పక్కన కూర్చునే మనిషి

ఆ చర్చిలో చిన్నా పెద్దా అందరూ ఆయన్ని లిఫ్టు బాబాయ్ అంటారు. ఆయనకంటే వయసులో పెద్దవాళ్లు కూడా బాబాయ్ అనే పిలుస్తారు. అదేమిటని ఆయన ఏనాడూ అడగలేదు. అడగడం ఆయనకు చేతకాని పని, ఆ సంగతి ముందు ముందు మీకే తెలుస్తుంది.

లిఫ్టులు బాగుచేయడం ఆయన వృత్తి. ఏ భవనంలో లిఫ్టు ఆగిపోయినా ఫోను వస్తుంది. సంచీ భుజాన వేసుకుని, మెట్లన్నీ ఎక్కి, పైనున్న మోటారు గదిలో మెయిన్ స్విచ్ కట్టేస్తాడు. దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుంటాడు. ఆ తర్వాతే లిఫ్టు అడుగున ఉండే గుంటలోకి దిగుతాడు. ఆయన గుంటలో ఉండగా ఏ పెద్దమనిషో వచ్చి, ఇదేమిటి కరెంటు లేదా అంటూ స్విచ్ వేశాడంటే ఇక అంతే సంగతులు. అలాంటి పెద్దమనిషి ప్రతి భవనంలోనూ ఒకడుంటాడు, పైగా పని ఎందుకు ఆలస్యమైందని అరిచేదీ వాడే. బాబాయ్ ఎదురు చెప్పడు. చేతికంటిన గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ ఊ కొడతాడు.

ఆదివారం పూట మాత్రం ఆయనది వేరే పని. ఉతికిన చొక్కా వేసుకుని, చర్చిలో చివరి వరుసలో, గోడవారగా ఒక మనిషి పక్కన కూర్చుంటాడు. ఆ మనిషి లేస్తే లేస్తాడు. ఆ మనిషి బాత్రూముకు వెళ్తే తలుపు బయట నిలబడతాడు. ఆరాధన ముగియకముందే, చివరి పాట మొదలవుతుండగా, అతన్ని గేటు దాటించి బస్సెక్కించి వస్తాడు. చర్చి సంఘం ఆయనకు అప్పగించిన పని అది.

ఆ మనిషి పాటల మాస్టారు. ఆ చర్చిలోనే ఏళ్ల తరబడి పిల్లలకు పాటలు నేర్పాడు. సంఘానికి తలలో నాలుకలా ఉండేవాడు. ఎవరింట్లో పిల్ల పుట్టినా, ఎవరింట్లో మనిషి పోయినా ముందు అతనే వెళ్లేవాడు. చర్చి వెనక మేడ మీద పాటల గది ఉండేది. గొంతు బాగున్న పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి శనివారాలు సాధన చేయించేవాడు. శబ్దం బయటికి రాకూడదని తలుపు వేసేవాడు. ఎంత శ్రద్ధో చూడండని తల్లిదండ్రులు మురిసిపోయేవారు. నాకు ఒళ్లు మండేది అక్కడే. తలుపు వేసినందుకు మెచ్చుకున్నారు.

చివరికి ముగ్గురు పిల్లలు నోరు విప్పారు. పోలీసులొచ్చారు, కోర్టు అయింది, జైలు అయింది. అంత జరిగినా సంఘంలో సగం మంది నోట ఇప్పటికీ అతను మాస్టారుగారే.

కేసు నడుస్తున్నప్పుడు, ఆ గదిలో ఎప్పుడో ఒకప్పుడు పాడిన పిల్లలందరి ఇళ్లకూ నర్సమ్మ వెళ్లింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి, చర్చిలో పిల్లల రక్షణ కమిటీకి పెద్ద. బాబాయ్ ఇంటికీ వచ్చింది. అప్పటికి ఆయన భార్య పోయి చాలాకాలమైంది. కూతురు పెద్దదై, నగరానికి అవతలి వైపు ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తూ అక్కడే ఉంటోంది.

"మీ అమ్మాయి కూడా ఆ గదిలో పాడేది కదా బాబాయ్," అంది నర్సమ్మ. "ఒకసారి అడిగి చూడండి. ఎలా అడగాలో తెలియకపోతే చెప్పండి, నేను అడుగుతాను."

"అడిగానమ్మా. ఏం లేదంది," అన్నాడు బాబాయ్.

అడగలేదు. ఫోను ఆయన చేతి పక్కనే ఉంది. అంతకుముందు రోజు కూతురితో మాట్లాడాడు కూడా, గ్యాసు అయిపోయిందనీ, కుళాయి కారుతోందనీ. ఈ మాట మాత్రం నాలుక మీదికి రాలేదు. ఎందుకు రాలేదో ఆయనకు తెలుసు. కూతురికి పదకొండేళ్లప్పుడు ఒక శనివారం, చర్చి గేటు కడ్డీలు పట్టుకుని రానంటే రానని నిలబడిపోయింది. వాళ్లమ్మ పోయిన ఏడాది అది. మాస్టారు ఎదురు చూస్తుంటే ఏమిటీ మొండితనం అని, బాబాయ్ ఆ వేళ్లను కడ్డీల నుంచి ఒక్కొక్కటే విడదీశాడు. చెయ్యి పట్టుకుని మెట్లెక్కించాడు. గదిలోకి పంపి, తనే తలుపు దగ్గరికి వేసి, పనికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ పిల్ల పాట మానేసింది, చర్చి మానేసింది. తల్లి పోయిన దిగులనుకున్నాడు. వయసు తెచ్చిన పెంకితనమనుకున్నాడు. ముగ్గురు పిల్లల సంగతి విన్న రోజు నుంచి ఏమీ అనుకోకుండా ఉండటం అలవాటు చేసుకున్నాడు.

మాస్టారు శిక్ష ముగించుకుని వచ్చి, ఆరాధనకు రానివ్వమని అడిగాడు. సంఘపెద్దలు కొట్టుకున్నంత పని చేశారు. దేవుడి ఇంటికి రావద్దనడానికి మనమెవరం అన్నారు కొందరు. పిల్లలున్న ఇంటికి ఎలా రానిస్తాం అన్నారు ఇంకొందరు. నర్సమ్మే నియమాలు పెట్టింది. చివరి వరుస, గోడ పక్కన. పిల్లలతో మాటలొద్దు. రొట్టె, ద్రాక్షరసం అతని దగ్గరికే తెచ్చిస్తారు, ముందుకు రానక్కర్లేదు. ఒక మనిషి ఎప్పుడూ పక్కన ఉండాలి. ఆ మనిషి కబుర్లు చెప్పేవాడు కాకూడదు, కన్నీళ్లకు కరిగిపోయేవాడు అసలే కాకూడదు అంది. అందరి కళ్లూ బాబాయ్ వైపు తిరిగాయి.

ఆయన ఒప్పుకున్నాడు. వాడికి కాపలా కాస్తే, తను అడగకుండా వదిలేసిన ప్రశ్న కాలక్రమేణా అరిగిపోతుందని ఎక్కడో ఆశ ఉన్నట్టుంది. మనుషులు ఇలాంటి పిచ్చి ఆశలే పెట్టుకుంటారు.

ఆదివారాలు గడిచాయి. మాస్టారు బుద్ధిగా ఉండేవాడు. ప్రార్థనలో ఏడ్చేవాడు. ఏడ్చి, రుమాలు మడిచి జేబులో పెట్టుకునేవాడు. పక్కన బాబాయ్ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేవాడు. కోపం వస్తుందని మొదట్లో భయపడ్డాడు, రాలేదు. జాలి వస్తుందేమోనని అంతకంటే ఎక్కువ భయపడ్డాడు, అదీ రాలేదు. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి, అది తనది కానట్టు ఉంటుంది చూడండి, ఆయన ఛాతీ లోపల అలా ఉండేది. పాస్టరుగారు చెప్పే వాక్యం వినేవాడు, ఇంటికి వెళ్లాక ఒక్క మాటా గుర్తుండేది కాదు.

ఒక ఆదివారం, అందరూ కళ్లు మూసుకుని ఉండగా, మాస్టారు మెల్లగా అడిగాడు.

"మన పిచ్చుక ఎలా ఉంది?"

బాబాయ్‌కి అర్థం కాలేదు.

"మీ అమ్మాయండీ. నేను పిచ్చుక అని పిలిచేవాణ్ణి. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. బాబాయ్ తల తిప్పకుండా, "మాట్లాడకూడదు," అన్నాడు. నియమం ప్రకారం మాస్టారు పిల్లలతోనే మాట్లాడకూడదు, పెద్దవాళ్లతో మాట్లాడవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆ రోజు బాబాయ్ ఇంటికెళ్లి భోజనం చేసి, నిద్రపోయి, సాయంత్రం లేచి కూరగాయలు కొనుక్కొచ్చాడు. ఏమీ కాలేదు.

కూతురు అంతకుముందు బుధవారం బుధవారం వచ్చేది. వంట చేసి, తండ్రి చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టి వెళ్లేది. బాబాయ్ ఈ పనిలో కుదురుకున్నాక రావడం తగ్గించేసింది. ల్యాబులో పని ఎక్కువగా ఉంది నాన్నా అనేది. ఆయన సరేనమ్మా అనేవాడు. తర్వాత ఫోన్లే మిగిలాయి.

అలా ఇంకెన్నాళ్లు సాగేదో గానీ, ఒక పసిపిల్ల వల్ల ఆగింది.

ఆ చర్చిలో ఒక అలవాటుంది. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి ముందుకు వెళ్లే తల్లి, చంటిపిల్లను వెనక వరుసలో ఎవరో ఒకరి చేతిలో పెట్టి వెళ్తుంది. ఎవరని చూడరు. అందరూ ఒక కుటుంబమే కదా. నియమాలన్నీ రాసిన నర్సమ్మకు కూడా ఈ అలవాటు తట్టలేదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నది ఎవరి కంటికీ ఆనదు మరి. ఆ వారం, కొత్తగా సంఘంలో చేరిన ఒక చిన్న వయసు తల్లి వాళ్ల ముందు వరుసలో కూర్చుంది. తన వంతు రాగానే లేచి, వెనక్కి తిరిగి, నవ్వుతూ పిల్లను మాస్టారుకి అందించింది. మాస్టారు చేతులు వాటంతట అవే లేచాయి.

బాబాయ్ మధ్యలో చెయ్యి పెట్టి పిల్లను లాక్కున్నాడు. లాక్కున్నాడనే అనాలి. పిల్ల ఉలిక్కిపడి ఏడుపు మొదలెట్టింది. తల్లి నవ్వు ఆగిపోయింది. అయినా వరుస కదులుతుండటంతో ముందుకు వెళ్లిపోయింది. బాబాయ్ పిల్లను భుజాన వేసుకున్నాడు. పాల వాసన, తడి మెడ. కూతుర్ని ఎత్తుకుని కూడా ఎంత కాలమైందో. మాస్టారు చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తున్నాడు.

పిల్లను తల్లికిచ్చి, చివరి పాటప్పుడు మాస్టారుని బస్సెక్కించి వచ్చేసరికి ఆరాధన అయిపోయింది. ఆ తల్లి గేటు దగ్గర ఆపింది.

"ఏమీ అనుకోకండి బాబాయ్ గారూ. ఆయన మీ అన్నయ్యా? ఎప్పుడు చూసినా ఇద్దరూ కలిసే ఉంటారు. ఆయన ఒంట్లో బాగాలేదా, పిల్లను ఎత్తుకోకూడదా?"

"ఇక్కడే ఉండమ్మా," అని, బాబాయ్ సరాసరి నర్సమ్మ దగ్గరికి వెళ్లాడు. పాస్టరుగారు కూడా అక్కడే ఉన్నాడు. కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరూ చెప్పడం లేదని బాబాయ్ అంటే పాస్టరుగారు నీళ్లు నమిలాడు.

"అతను శిక్ష అనుభవించాడు బాబాయ్. ప్రసంగ వేదిక మీద నిలబడి అతని పాపం చాటించలేను కదా."

"చాటించమని ఎవరన్నారు?" అంది నర్సమ్మ. "పిల్లలున్న ప్రతి ఇంటికీ విడిగా చెప్తామని అప్పుడే అనుకున్నాం. పాతవాళ్లకు చెప్పి, కొత్తవాళ్లను మర్చిపోయాం. ఇది నా తప్పు. ఇప్పుడే చెప్తాను."

చెప్పింది. ఖాళీ అయిన హాల్లో, కుర్చీలు దగ్గరికి లాక్కుని, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆ తల్లి పిల్లను గుండెకు అదుముకుని చివరిదాకా వింది. తర్వాత కాస్త దూరంగా నిలబడి ఉన్న బాబాయ్ దగ్గరికి వచ్చింది.

"మీరు లేకపోతే నా పిల్ల అతని చేతిలో ఉండేది," అంది. కొంచెం ఆగి, "మీకు పిల్లలున్నారా?" అని అడిగింది.

"ఒక అమ్మాయి."

"ఇక్కడే పెరిగిందా?"

"ఊఁ."

"పాటలు..." అని, మిగతా మాట మింగేసింది. ఆయన మొహం చూసి ఉంటుంది. తలవంచుకుని వెళ్లిపోయింది.

బాబాయ్ మర్నాడు పనికి వెళ్లాడు. ఒక ఆసుపత్రి లిఫ్టుకి బ్రేకు అరిగిపోతే మార్చాడు. స్విచ్‌కి వేసిన తాళం తీయడం మర్చిపోయి కిందికి వచ్చేసి, మళ్లీ అన్ని అంతస్తులూ ఎక్కాడు. అలాంటి మరపు ఆయనకు ఎన్నడూ లేదు. సాయంత్రం ఇంటికి పోయే బస్సు వదిలేసి, కూతురుండే వైపు వెళ్లే బస్సెక్కాడు.

కూతురు తెల్లకోటు ఇస్త్రీ చేసుకుంటోంది. తండ్రిని చూసి, "చెప్పకుండా వచ్చావేంటి నాన్నా, ఒంట్లో బాగానే ఉందా?" అంది. మంచినీళ్లిచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు, తాగలేదు.

"అప్పుడు ఒకటి అడగాల్సింది. అడగలేదమ్మా."

"ఏంటి?"

"పాటల గది గురించి."

ఆమె ఇస్త్రీ ఆపలేదు. ఒక చెయ్యి పూర్తి చేసి, కోటు తిప్పి, రెండోదీ చేసింది. అప్పుడు స్విచ్ కట్టేసింది.

"నర్సాంటీ మనింటికి వచ్చిన రోజు రాత్రే నాకూ ఫోన్ చేసింది," అంది. గొంతులో ఏమీ లేదు. ల్యాబులో రిపోర్టు ఎప్పుడిస్తారని అడిగినవాళ్లకు చెప్పే గొంతు. "మీ నాన్నగారు అడిగితే ఏం లేదన్నావట కదమ్మా, నీ నోటితో ఒకసారి చెప్పు అంది. నువ్వు నన్ను అడగనేలేదు. అడిగానని చెప్పావు. మా నాన్న అబద్ధం చెప్పాడు ఆంటీ అని నేనెలా అంటాను? ఏం లేదు ఆంటీ అన్నాను."

బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ముగ్గురే చెప్పారు కదా, నాలుగోదాన్ని నేను," అంది. "అంతే. అంతకంటే నీకు చెప్పను. నువ్వు మోయలేవు."

ఆయనకు ఏడుపు రాలేదు. రావాలని చూశాడు, రాలేదు. అందుకు సిగ్గేసింది. ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇంకెవరి పిల్లకూ అలా కాకూడదనే వాడి పక్కన కూర్చుంటున్నానమ్మా," అన్నాడు.

"తెలుసు. అత్తయ్య కూడా ఆ చర్చికే వెళ్తుంది కదా, ఫోటోలు పంపుతుంటుంది. వారం వారం చూస్తాను. నువ్వూ వాడూ భుజం భుజం రాసుకుని కూర్చుంటారు. అది చూశాక మీ ఇంటికి రావాలంటే కాళ్లు రాలేదు నాన్నా. నీ చొక్కా నేను ముట్టుకోలేకపోయాను."

ఇంట్లో ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో ఎవరో పిల్లకు ఎక్కాలు చెప్పిస్తున్నారు.

"వాడు బాత్రూముకెళ్తే కూడా తోడెళ్తావట కదా," అంది. "నన్ను ఆ గది దాకా తీసుకెళ్లి తలుపు వేసి వెళ్లిపోయావు. వాడికి ఒక మనిషిని తోడు పెట్టారు మీ చర్చివాళ్లు. నాకెవర్ని పెట్టారు?"

ఇంతకాలం బాబాయ్ చేసింది మంచిపనే, అది తప్పని ఎవరూ అనలేరు. కానీ ఆ పని ఈ పిల్ల కోసం కాదు. ఈ పిల్ల దగ్గర కూర్చోలేకే వాడి దగ్గర కూర్చున్నాడు. ఆ సంగతి ఆయనకు అప్పుడు, ఆ కుర్చీలో, పూర్తిగా తెలిసింది.

"ఏం చెయ్యమంటావమ్మా?" అన్నాడు. కూతుర్ని ఆయన ఈ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

ఆమె కోటు గుండీలన్నీ పెట్టింది. హ్యాంగరుకు తగిలించింది. వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నర్సాంటీకి ఫోన్ కలుపు," అంది. "ఆదివారం ఇంకొకర్ని కూర్చోబెట్టమను. ఎవరో ఒకరు కూర్చోవాల్సిందే, చర్చినిండా పిల్లలున్నారు కదా. నువ్వు మాత్రం కాదు. మిగతాది నేను మాట్లాడతాను."

బాబాయ్ ఫోను తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. అవతల నర్సమ్మ, "చెప్పండి బాబాయ్," అంది.

చెప్పడానికి ఆయన దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. మా అమ్మాయికి కూడా, అని మొదలయ్యే మాట. పెదవుల దాకా వచ్చింది. కూతురు ఆయన మొహంలోకే చూస్తోంది.

"మా అమ్మాయి మాట్లాడుతుందమ్మా," అని, ఫోను ఆమెకిచ్చాడు.

ఆమె తీసుకుంది. ఊపిరి పీల్చుకుని, "ఆంటీ, అప్పుడు మీరడిగినదానికి ఇప్పుడు చెప్తాను," అని మొదటి శనివారం నుంచి చెప్పడం మొదలుపెట్టింది. మోయలేడని ఆయనకు చెప్పనన్న ప్రతి మాటా చెప్పింది. గేటు దగ్గర వేళ్లు విడదీసిన సంగతి కూడా దాచలేదు. మధ్యలో బాబాయ్ లేచి వరండాలోకి వెళ్దామనుకున్నాడు. ఆమె చెబుతూనే చెయ్యి చాచి, ఆయన మణికట్టు పట్టుకుంది. ఆయన కూర్చునే ఉన్నాడు. మొత్తం విన్నాడు.